కోతకు ముందు మాట

(వి.వి. గిరి స్మృతిలో ఉద్యోగుల సభలో ఇచ్చిన ఉపన్యాసం)



వరాహగిరి వెంకటగిరి గారిని మనం ఎక్కువగా రాష్ట్రపతిగానే గుర్తు పెట్టుకున్నాం. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో సంతకం పెట్టింది ఆయనే. అంతకు పదిహేనేళ్ళ ముందే బ్యాంకు ఉద్యోగుల కోసం ఆయన మరో సంతకం పెట్టారు. అది కేంద్ర మంత్రి పదవికి రాజీనామా. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ రాజీనామాను ఆనుకునే ఉంటుంది.

బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతూ ఐరిష్ స్వాతంత్ర్యోద్యమంతో పరిచయం పెంచుకుని, 1916లో స్వదేశం చేరిన గిరి గారు బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికుల్ని సంఘటితం చేశారు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో మద్రాసు రాష్ట్ర కార్మిక శాఖ చూశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు.

అప్పటికే బ్యాంకు గుమస్తాల జీతాల తగాదా నలుగుతోంది. సేన్ ట్రిబ్యునల్ 1950లో తీర్పు ఇచ్చింది. ట్రిబ్యునల్ సభ్యులంతా పూర్తిగా కూర్చుని విచారించలేదన్న కారణంతో సుప్రీంకోర్టు 1951లో దాన్ని కొట్టేసింది. మళ్ళీ శాస్త్రి ట్రిబ్యునల్ వేశారు, 1953లో మళ్ళీ తీర్పు వచ్చింది. దాని మీద అప్పీళ్ళు వెళితే 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తన నిర్ణయం చెప్పింది. ఇన్నేళ్ళు వాదించి తెచ్చుకున్న జీతం చేతికి అందే వేళకు, ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. బ్యాంకులు అంత భారం మోయలేవన్నది కారణం. కార్మిక మంత్రి దానికి ఒప్పుకోలేక పదవి వదిలేశారు. గొడవ పెద్దదై ప్రభుత్వం ఒక కమిషన్‌ను నియమించింది. మొదట నియమితులైన జస్టిస్ రాజాధ్యక్ష మధ్యలో మరణించగా జస్టిస్ గజేంద్రగడ్కర్ ఆ పని పూర్తిచేశారు. 1955లో వచ్చిన ఆ నివేదిక అప్పిలేట్ ట్రిబ్యునల్ నిర్ణయాన్ని చాలావరకు నిలబెట్టింది. ఆ ఏడే పార్లమెంటు దానికి చట్టరూపం ఇచ్చింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. గిరి గారికి అసలు ట్రిబ్యునళ్ళంటే మోజు లేదు. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనీ, సర్కారు బలవంతంగా కోర్టుకు పంపడం సంఘాలను బలహీనం చేస్తుందనీ ఆయన నమ్మకం. అదే తర్వాత ‘గిరి పద్ధతి’ అన్న పేరుతో నిలిచింది. అలాంటి మనిషి ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసం మంత్రి పదవి ఎందుకు వదులుకున్నారు? నాకు అర్థమైనంతవరకు కారణం ఇది. ఇరుపక్షాల మాటా విన్నాక వచ్చిన నిర్ణయాన్ని, బలం ఉన్న పక్షం తన ఇష్టం కొద్దీ తగ్గించకూడదు. మాట్లాడుకుని తేల్చుకున్నా, మధ్యవర్తి తేల్చినా, విన్న తర్వాతే తేలాలి.

జీతం తగ్గినప్పుడు మనం ఎంత పోయిందని లెక్క వేసుకుంటాం. ఇంటి అద్దె, పిల్లల ఫీజు, బ్యాంకు వాయిదా కళ్ళముందు ఉంటాయి గనుక అది సహజం. కానీ అన్యాయం ఎక్కడ మొదలైందో తెలియాలంటే వెనక్కి వెళ్ళి చూడాలి. తగ్గించే ముందు ఎవరిని అడిగారు, ఏ లెక్క చూపారు, ఎవరికి ఎంత తగ్గించారు? నేటి నా మాటల సారమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

కోత నష్టాన్ని పూడ్చుకోవడానికే వస్తుందని అనుకోనక్కర్లేదు. కొన్నిసార్లు అది వేరేవాళ్ళ మీద ఒత్తిడి తేవడానికి వాడుకునే పనిముట్టు. 1925లో బొంబాయి మిల్లు యజమానులు కార్మికుల ఆదాయంలో పదకొండున్నర శాతం కోత ప్రకటించారు. నూలుగుడ్డ మీద 1896 నుంచీ ఉన్న మూడున్నర శాతం ఎక్సైజు సుంకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం ఎత్తేస్తే పాత జీతాలు ఇస్తామన్నారు. సెప్టెంబరులో లక్షమందికి పైగా సమ్మెకు దిగారు. డిసెంబరులో వైస్రాయ్ సుంకం నిలిపేశాడు, కోత రద్దయింది. మన తెలంగాణ పద్మశాలీలు కూడా మగ్గాలు నడిపిన ఊరు అది. ఆ రెండున్నర నెలల పస్తులు కార్మికులవి. మిల్లు యజమానులకు పాత జీతాలు మళ్ళీ ఇవ్వాల్సి వచ్చినా, ఏళ్ళ తరబడి అడుగుతున్న సుంకం రద్దు దక్కింది.

అంతకు ఏడేళ్ళ ముందు అహ్మదాబాదులో జరిగింది ఇంకోలా ఉంటుంది. 1917లో ప్లేగు వచ్చినప్పుడు కార్మికులు ఊరు వదిలి పోకుండా మిల్లులు బోనస్ ఇచ్చాయి. ప్లేగు తగ్గాక 1918 మొదట్లో ఆపేశాయి. యుద్ధకాలపు ధరలు మాత్రం తగ్గలేదు. కార్మికులు యాభై శాతం పెంపు అడిగారు, యజమానులు ఇరవై అన్నారు. గాంధీ లెక్కలు చూసి ముప్ఫై అయిదు శాతం న్యాయమని తేల్చి, అంతకు మించి అడగవద్దని కార్మికులకే చెప్పారు. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయ్ ఉంటే, కార్మికుల పక్షాన ఆయన సొంత అక్క అనసూయ నిలబడ్డారు. గాంధీ ఉపవాసం మొదలుపెట్టిన మూడోనాటికి ఇరుపక్షాలూ మధ్యవర్తికి అంగీకరించాయి. ఆ మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరికి ముప్ఫై అయిదు శాతమే ఖాయం చేశారు. 1920లో పుట్టిన అహ్మదాబాదు కార్మిక సంఘం మజూర్ మహాజన్‌కు పునాది ఆ సమ్మెలోనే పడింది. 1954లో గిరి గారు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్న ఖండూభాయి దేశాయ్ ఆ సంఘం నుంచి వచ్చినవారే.

ఇక చట్టం సంగతి. 1936లో వేతన చెల్లింపు చట్టం రాకముందు ఫ్యాక్టరీల్లో జరిమానాలకు అంతూ పొంతూ ఉండేది కాదు. ఆలస్యమైతే జరిమానా, నేత చెడితే జరిమానా, మేస్త్రీకి కోపం వస్తే జరిమానా. విట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదిక దీన్ని ఎత్తిచూపింది. ఆ తర్వాత వచ్చిన చట్టం జరిమానాకు రూపాయికి అర్ధణా అని హద్దు గీసింది. ఏ తప్పుకు జరిమానా వేస్తారో ముందే బోర్డు మీద పెట్టాలంది. వేసే ముందు కార్మికుడి సంజాయిషీ వినాలంది. వసూలైన జరిమానా సొమ్ము యజమాని జేబులోకి పోకుండా కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలంది. ముందు చెప్పడం, వినడం, లాభం పొందకపోవడం. బ్రిటిష్ కాలపు చట్టమే అయినా ఈ మూడు సూత్రాల్లో పెద్ద వివేకం ఉంది. అర్ధణా తర్వాత మూడు శాతమైంది. 2019 నాటి వేతనాల కోడ్ కూడా ఆ మూడు శాతాన్నే ఉంచింది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలోని ప్రతి మార్పూ ఉద్యోగికి మేలు చేసేదని నేను అనను. అయితే జీతం విషయంలో తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. పాత చట్టం నెలకు 24,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికే వర్తించేది. వేతనాల కోడ్‌లో ఆ పరిమితి లేదు, మేనేజరుకూ వర్తిస్తుంది. నెలజీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. చట్టం ఒప్పుకున్న కోతలన్నీ కలిపినా జీతంలో సగం దాటకూడదు. తక్కువ ఇచ్చారని ఉద్యోగి ఫిర్యాదు చేస్తే, పూర్తిగా ఇచ్చామని నిరూపించాల్సిన భారం యజమానిదే. ఫిర్యాదుకు గడువు మూడేళ్ళు. కోసిన మొత్తానికి పదిరెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారణాధికారికి ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సింది ఒకటుంది. ఒప్పుకున్న జీతం ఒప్పుకున్నట్టే ఉండి చేతికి తక్కువ ఇస్తే అది అనుమతి లేని కోత, వేతనాల కోడ్ కింద ఫిర్యాదు చేయవచ్చు. ఒప్పుకున్న జీతాన్నే మార్చేస్తే అది సర్వీసు షరతుల మార్పు. కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవారికి అలాంటి మార్పు చేయాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది, కొత్త పారిశ్రామిక సంబంధాల కోడూ అదే చెబుతోంది. మేనేజర్లకు, నెలకు 18,000 దాటిన సూపర్వైజర్లకు ఆ నోటీసు రక్షణ లేదు. వాళ్ళకు ప్రధానంగా మిగిలేది ఒప్పందపు కాగితమే.

అందుకే యజమానులకు మన సంతకం అంత అవసరం. ‘రివైజ్డ్ జీతం లెటర్ పంపాం, సాయంత్రంలోగా యాక్సెప్ట్ నొక్కండి’ అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. నొక్కిన క్షణాన, నిలదీయదగిన కోత కాస్తా ఇద్దరూ ఒప్పుకున్న మార్పుగా కాగితం మీదికి ఎక్కుతుంది. ఏమీ నొక్కకుండా, ఏమీ అనకుండా నెలల తరబడి తగ్గిన జీతం తీసుకున్నా, మౌనంగా ఒప్పుకున్నాడని వాదించే అవకాశం అవతలివారికి చిక్కుతుంది.

సంతకం అన్నిటినీ మాపేస్తుందా? మాపలేదు. పత్రికా ఉద్యోగుల మజీఠియా వేతన సంఘం సిఫారసులను 2011 నవంబరులో కేంద్రం నోటిఫై చేసింది. 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. అప్పుడు కొన్ని యాజమాన్యాలు ‘మాకు ఈ వేతనాలు వద్దు, ఉన్నవే చాలు’ అని ఉద్యోగులు సంతకం చేసిన పత్రాలు చూపించాయి. 2017 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. చట్టం కనీసంగా ఖరారు చేసిన జీతం కంటే ఎక్కువ పొందడానికే ఒప్పందం పనికొస్తుంది, తక్కువకు దిగడానికి పనికిరాదని చెప్పింది. కనుక చట్టం కట్టిన గోడ ఉన్నచోట సంతకం దాన్ని కూల్చలేదు. గోడ లేనిచోట మాత్రం సంతకమే సర్వస్వం. సాఫ్ట్‌వేర్ కంపెనీ టీమ్ లీడ్‌కూ, ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్‌కూ జీతంలో పెద్దభాగం ఆ గోడకు పైనే ఉంటుంది. సంతకం అడిగినప్పుడు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వాళ్ళే.

ప్రైవేటు యజమానుల్నే అనడం న్యాయం కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఏం చేశాయో చూడండి. మార్చి నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం ముఖ్యమంత్రి, మంత్రుల జీతాల్లో 75 శాతం, ఐఏఎస్ వంటి సర్వీసులవారికి 60 శాతం, మిగతా ఉద్యోగులకు సగం, నాలుగో తరగతి, కాంట్రాక్టు సిబ్బందికి 10 శాతం ఆపింది. ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ, తక్కువ ఉన్నవాడికి తక్కువ అన్న న్యాయం అందులో కనిపిస్తుంది. ముందు చట్టాధారం చూసుకుని తర్వాత ఆపారా అంటే, ఆపిన రెండున్నర నెలలకు, జూన్‌లో గానీ ఆర్డినెన్సు రాలేదు. పింఛన్లలో కూడా కోత పడింది.

ఆంధ్రప్రదేశ్‌లోనూ జీతాలు, పింఛన్లు వాయిదా వేశారు. పదవీ విరమణ చేసిన ఒక జిల్లా న్యాయమూర్తి దాని మీద హైకోర్టుకు వెళ్ళారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వాలని ఆగస్టులో హైకోర్టు తీర్పు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, వడ్డీ ఇవ్వాల్సిందేనంది. చేసిన పనికి జీతం, చేసి వచ్చిన సర్వీసుకు పింఛను చట్టప్రకారం రావలసినవేనని స్పష్టం చేసింది. ఖజానా కష్టంలో ఉండవచ్చు, ప్రభుత్వం చెడ్డ ఉద్దేశంతో చేసి ఉండకపోవచ్చు. అయినా ఒకరి సొమ్మును ఆపి ఉంచుకున్నందుకు ఖరీదు చెల్లించాలి. ఈ తీర్పును ప్రతి ఉద్యోగ సంఘమూ తన ఆఫీసులో పెట్టుకోవాలి.

నిజంగా కష్టం వచ్చిన యజమాని సంగతేమిటని మీలో కొందరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆర్డర్లు పోయి మూతపడే స్థితిలో, వందమందిలో ముప్ఫైమందిని తీసేయడం కంటే అందరి జీతం కొన్నాళ్ళు తగ్గించడమే మేలు కావచ్చు. దీని మీద జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1990లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కాంట్రాక్టులు కోల్పోయిన ఒక కంపెనీ తన రెండు ఫ్యాక్టరీల్లో పది వారాల పాటు 15 శాతం జీతం తగ్గించింది. ఒకచోట అధ్యక్షుడే వచ్చి గంటన్నర కూర్చుని, లెక్కలు చూపి, విచారం చెప్పి, ప్రశ్నలకు జవాబిచ్చాడు. రెండోచోట పావుగంటలో ముక్తసరిగా ప్రకటించి వెళ్ళిపోయారు. ఫ్యాక్టరీల్లో వస్తువుల దొంగతనాలు రెండుచోట్లా పెరిగాయి, కానీ రెండోచోట చాలా ఎక్కువగా పెరిగాయి. ఉద్యోగం మానేసినవారూ అక్కడే ఎక్కువ. శాతం ఒకటే, వారాలూ అవే. గంటంపావు మాటల తేడా. దొంగతనాన్ని నేను సమర్థించడం లేదు. చెప్పకుండా కోసిన జీతాన్ని మనుషులు ఏదో ఒక రూపంలో తిరిగి వసూలు చేసుకుంటారని, ఆ రూపం సంస్థకు మంచిది కాదని యజమానులకు గుర్తు చేస్తున్నానంతే. ట్రూమన్ బ్యూలీ అనే ఆర్థికవేత్త 1990ల మాంద్యంలో ఈశాన్య అమెరికాలో మూడువందల మందికి పైగా యజమానులను, ఉద్యోగ వ్యవహారాలు తెలిసినవారిని కలిసి, గిరాకీ పడిపోయినా జీతాలు ఎందుకు తగ్గించరని అడిగితే, మనసు విరిగిన మనిషి పని చెయ్యడన్నదే చాలామంది జవాబు.

చట్టం ఉన్నా అందనివాళ్ళు మన చుట్టూ చాలామంది. 1982లో ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణాల మీద సుప్రీంకోర్టు తేల్చిన కేసు గుర్తుంచుకోదగింది. రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస కూలిలో జమాదారు ఒక రూపాయి కమీషను కింద పట్టుకుని 8 రూపాయల 25 పైసలు కూలీ చేతిలో పెట్టేవాడు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీతో సమానమని జస్టిస్ భగవతి తీర్పు రాశారు. ఈ రోజు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద పనిచేసే ఆయా, సెక్యూరిటీ గార్డు, కంప్యూటర్ ఆపరేటరు ఏ జీతం రావాలో ఏ జీతం వస్తోందో జీవో తెచ్చి చూసుకుంటే, ఆ జమాదారు ఎక్కడికీ పోలేదని అర్థమవుతుంది. కరోనా కాలంలో ప్రైవేటు బడి టీచర్ల జీతాలు నెలల తరబడి ఆగిపోతే, 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. ఆకలికి అది సాయం. బడి యాజమాన్యం ఇవ్వాల్సిన జీతం లెక్క మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇక మీరు ఇంటికి పట్టుకెళ్ళడానికి కొన్ని మాటలు. కోత కాగితం వచ్చిన రోజు కోపంలో రాజీనామా రాయకండి, భయంలో సంతకం పెట్టకండి. చదువుకోవడానికి గడువు కావాలని మెయిల్‌లోనే అడగండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చదవండి. జీతం మార్చే హక్కు కంపెనీకి ఇచ్చిన షరతు ఉందా, ఉంటే ఎంతవరకు ఉందో చూడండి. ఒప్పుకోలేకపోతే మర్యాదగా మూడు వాక్యాలు రాయండి: ఈ తగ్గింపుకు నా అంగీకారం లేదు, కారణమూ కాలపరిమితీ తెలియజేయండి, నా హక్కులు వదులుకోకుండా పనిలో కొనసాగుతున్నాను. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మీకు వచ్చిన లేఖలు విడిగా దాచుకోండి. కంపెనీ రహస్య పత్రాల జోలికి వెళ్ళకండి, రేపు మీ మీదికే తిప్పుతారు.

రెండోది, ఒంటరిగా ఉండకండి. ఇరవై, అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. మీ ఆఫీసులో ఉందో లేదో అడగండి. మీకు తగ్గి పక్కవాడికి తగ్గకపోతే ఎందుకో తెలుసుకోండి. ప్రశ్నించినవాడికే తగ్గించారా, ప్రసూతి సెలవు నుంచి వచ్చిన ఆవిడకే తగ్గించారా అన్నది బయటపడాలంటే పదిమంది స్లిప్పులు ఒకచోట చేరాలి. అయితే ఆవేశంలో పదిమందీ కూడబలుక్కుని చెప్పకుండా పని మానకండి. కారణం లేకుండా, నోటీసు లేకుండా అలా చేస్తే, ఒప్పంద షరతును బట్టి ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలు చట్టంలోనే ఉంది. కమిటీలో తేలకపోతే లేబర్ ఆఫీసు ఉంది. లాయరుకు డబ్బు లేదని ఆగిపోకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయం పొందేవారిలో మహిళలు, ఎస్సీ, ఎస్టీలతో పాటు పారిశ్రామిక కార్మికులు కూడా ఉన్నారు. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ ఆఫీసు ఉంటుంది.

యజమానులు ఎవరైనా ఈ ఉపన్యాసం చదివితే వారికి నేను చెప్పేది తక్కువే. తగ్గించక తప్పని పరిస్థితి వస్తే పై నుంచి మొదలుపెట్టండి, లెక్కలు బల్ల మీద పెట్టండి, ఎన్నాళ్ళో చెప్పండి, మళ్ళీ ఇచ్చేది ఎప్పుడో రాసివ్వండి. ఆ నాలుగూ చేస్తే మీ ఉద్యోగుల్లో చాలామంది మీతో నిలబడతారు. చేయకపోతే కష్టకాలంలో మీరు మిగుల్చుకున్న డబ్బు కంటే పోగొట్టుకున్న మనుషుల ఖరీదే ఎక్కువవుతుంది.

ఉద్యోగ సంఘాలకు మాత్రం ఒక డిమాండు సిద్ధంగా ఉండాలి. కార్మికుడి నిర్వచనంలోకి రాని సూపర్వైజరుకూ, మేనేజరుకూ, టీచరుకూ కూడా జీతం తగ్గించే ముందు నోటీసు, సంజాయిషీ, విచారణ తప్పనిసరి చేసే చట్టం కావాలి. 1936లో మిల్లు కూలీకి అర్ధణా జరిమానా వేయడానికి కూడా సంజాయిషీ వినాలని రాసుకున్న దేశం ఇది. ఇప్పుడు నెలజీతంలో మూడోవంతు ఒక్క మెయిల్‌తో పోతుంటే ఆమాత్రం అడగడం అత్యాశ కాదు. రాష్ట్ర ప్రభుత్వాలు తమ దుకాణాలు, సంస్థల చట్టాలను సవరించి ఈ పని చేయవచ్చు. వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థి ముందూ ఈ డిమాండు పెట్టండి.